రోడ్డు బెర్ముకు పటంలో చోటెక్కడ?

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. మన పల్లెలకు సాధారణంగా వేసే ఒంటి వరుస తారు రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. రెండు పెద్ద బస్సులు ఎదురుపడితే, వాటి మధ్య వెంట్రుకవాసి సందు కూడా వదలకపోయినా, 5.2 మీటర్లు కావాలి. తక్కువ పడిన ఆ మీటరున్నర ఎక్కడి నుంచి వస్తుంది? రోడ్డు పక్క మట్టిలోంచి వస్తుంది. ఆ మట్టినే ఇంజనీర్లు షోల్డర్ అంటారు, పని చేయించే మేస్త్రీలు బెర్ము అంటారు, టౌనులో మార్జిన్ అంటారు. మా ఊళ్ళో దానికి ప్రత్యేకించి పేరు లేదు. "కిందికి దిగరా, బస్సొస్తోంది" అంటే దాని మీదికి దిగమనే.

ఇంత అవసరమైన వస్తువును పటంలో ఎలా రాయాలన్నదే ఈ వ్యాసంలోని విషయం. పటం అంటే నేను చెప్పేది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ గురించి. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టారు. ఎవరైనా ఖాతా తెరిచి తమ ఊరి వీధులు, చెరువులు, బడులు అందులో చేర్చవచ్చు, ఇతరులు రాసింది దిద్దవచ్చు. దారి చూపే అప్లికేషన్లు కొన్ని ఈ పటం మీదే ఆధారపడి నడుస్తున్నాయి. మా తరగతిలో నలుగురం సెలవుల్లో మా మా మండలాల రోడ్లు ఎక్కిస్తుంటాం.

ఇందులో రోడ్డు అంటే ఒక గీత మాత్రమే. జామెట్రీలో చెప్పినట్టు గీతకు పొడవే గాని వెడల్పు ఉండదు. మిగతా సంగతులన్నీ ట్యాగులనే చీటీలుగా ఆ గీతకు తగిలిస్తాం. ప్రతి చీటీకి ఒక పేరు, ఒక విలువ. లేన్లు ఎన్ని, పైపొర తారా మట్టా, వెడల్పు ఎంత, ఇలా. కొత్త చీటీ కనిపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పటం అంత వేగంగా పెరగడానికి ఈ స్వేచ్ఛే కారణం, తగువులకూ ఇదే కారణం.

వెడల్పు సంగతే చూడండి. పక్కలకు కూడా తారు వేసిన రెండు వరుసల జాతీయ రహదారి తీసుకుందాం. మధ్యన బళ్ళు నడిచేది 7 మీటర్లు. రెండు పక్కలా తారు షోల్డర్ ఒకటిన్నర మీటరు చొప్పున కలిపితే 10. దాని అవతల మట్టి బెర్ము మీటరు చొప్పున కలిపితే 12. ముగ్గురు మనుషులు అదే రోడ్డును టేపుతో కొలిచి 7 అని ఒకరు, 10 అని ఒకరు, 12 అని ఒకరు రాస్తే ముగ్గురిదీ నిజమే. కానీ పటం చూసి లారీ తోలేవాడికి ఆ మూడూ ఒకటి కావు. వరికోత మిషను తోలేవాడిని అడగండి. ముందు బ్లేడు 14 అడుగులుండే మిషను పల్లె రోడ్డెక్కితే, తారు మొత్తం తనదే అయినా ఇంకా అర మీటరు పైగా బెర్ము మీదికి పోతుంది.

అందుకని వెడల్పు వేరు, షోల్డర్ వేరుగా రాయడం మంచిదన్న అభిప్రాయం వచ్చింది. షోల్డర్ అనే చీటీకి ఇరుపక్కలా, ఎడమ, కుడి, లేదు అనే విలువలు వాడుకలో ఉన్నాయి. వెడల్పును, పైపొరను వేరే చీటీల్లో రాస్తారు. ఇక్కడొక మెలిక ఉంది. ఎడమ, కుడి అన్నవి మనం బండి నడిపే వైపును బట్టి కాదు, పటంలో గీత ఎటునుంచి ఎటు గీశారో దాన్నిబట్టి. మా ఊరి నుంచి టౌనుకు గీస్తే ఎడమైనది, టౌను నుంచి ఊరికి గీస్తే కుడి అవుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదట చెప్పాల్సింది ఇదే.

అసలు తగువు అంతకంటే లోతున ఉంది. షోల్డర్ అంటే ఏమిటి? బ్రిటన్ మోటార్‌వేల మీద హార్డ్ షోల్డర్ అంటే చెడిపోయిన బండి ఆపుకునే తావు. మామూలుగా దాని మీద నడపకూడదు. 2006లో ఎం42 మోటార్‌వేపై రద్దీ సమయాల్లో దాన్నే ఇంకొక లేనుగా తెరవడం మొదలుపెట్టారు. అప్పుడది పొద్దున లేను, మధ్యాహ్నం షోల్డర్. ఇలా షోల్డర్లను లేన్లుగా వాడే స్మార్ట్ మోటార్‌వేల భద్రత మీద అక్కడ పెద్ద వాదం నడిచి, 2023 ఏప్రిల్‌లో కొత్తవి కట్టబోమని ప్రభుత్వం ప్రకటించింది. అమెరికా పల్లె రహదారుల్లో చాలాచోట్ల తెల్లగీతకు అవతలి తారు మీద సైకిళ్ళు పోతాయి. మన దగ్గరో, ఎదురొచ్చే బండికి దారివ్వడానికి, నడిచేవాళ్ళు నడవడానికి, గొర్రెలు పోవడానికి, అన్నిటికీ బెర్మే.

బండి ఆపుకునే చోటే షోల్డర్ అని నిర్వచిస్తే మన బెర్ము అందులోకి రాదు. తారు వేసినదే షోల్డర్ అంటే మన పల్లె రోడ్లన్నిటికీ "లేదు" అని రాయాలి. ఈ "లేదు" అన్న మాటతో జాగ్రత్తగా ఉండాలంటాను. ల్యాబు రికార్డులో రీడింగు సున్నా అని రాయడానికి, ఆ గడి ఖాళీగా వదలడానికి ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. ఖాళీ అంటే ఇంకా ఎవరూ చూడలేదని. "లేదు" అంటే చూసొచ్చాం, తారు అంచు దాటితే కాలవే అని. రెండో మాట నమ్మి రాత్రిపూట బండి నడిపేవాళ్ళుంటారు.

ఏకాభిప్రాయానికి ఒక పద్ధతి ఉంది. ప్రతిపాదన రాసి అందరి ముందూ పెడతారు. కనీసం రెండు వారాలు చర్చ, తర్వాత కనీసం రెండు వారాలు ఓటు. నాలుగింట మూడు వంతులు ఒప్పుకుంటే ఆమోదం. అయితే మన యూనియన్ ఎన్నికల వంటిది కాదిది, ఓడినవాడు కూడా తన పద్ధతిలోనే రాసుకుపోవచ్చు! చివరికి ఎక్కువమంది ఏది వాడితే అదే నిలుస్తుంది.

నా మటుకు నాకు, పేరు గురించి పోట్లాడేకంటే కొలత రాయడం మేలనిపిస్తుంది. ఇది మంచి షోల్డరా కాదా అన్నది మనిషికో తీరు. మట్టి, రెండు పక్కలా, 1.8 మీటర్లు అని రాస్తే, రేపు ఇంకొకడు టేపు తీసుకుపోయినా అదే వస్తుంది. మన గ్రామీణ రోడ్ల ప్రమాణం చూస్తే మొత్తం వెడల్పు 7.5 మీటర్లు, అందులో తారు 3.75. అంటే పక్కకు 1.875 మీటర్లు బెర్ము ఉండాలి. వాన నీళ్ళు పోవడానికి మట్టి బెర్మును నూటికి నాలుగైదు వంతుల వాలుతో వేస్తారు. నాలుగు వంతుల లెక్కన బయటి అంచు ఏడున్నర సెంటీమీటర్లు దిగువన ఉంటుంది. ఆ వాలు ఉండవలసిందే. ఉండకూడనిది తారు అంచు దగ్గర మెట్టు. పాత రోడ్డు మీద కొత్త పొర వేసి, పక్కన మట్టి నింపకుండా పోతే ఆ మెట్టు ఏర్పడుతుంది. రెండేళ్ళ క్రితం మా వైపు ఒక కాంట్రాక్టరు అలాగే వదిలి వెళ్ళాడు. మా బాబాయి ట్రాక్టరుకు దారిస్తూ మోటారు సైకిలు దింపబోయి పడ్డాడు. షోల్డర్ లేక ఆయన భుజం విరిగిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఆ ఏడు నాట్లు ఆయన గట్టు మీద కూర్చునే వేయించాడు. అందుకే మా నలుగురం మెట్టు లోతు కూడా కొలిచి వివరణ చీటీలో రాస్తున్నాం.

మాలో మాకు తేలనిది ఒకటుంది. బెర్ము కాగితం మీద 1.875 మీటర్లు, సర్కారు తుమ్మ పెరిగి ఇప్పుడు వాడుకకు వచ్చేది అర మీటరు. ఏది రాయాలి? ప్రభుత్వ కొలతే రాయాలని, తుమ్మ రేపు కొట్టేస్తారని ఒక మిత్రుడి వాదన. నేనొప్పుకోను. తుమ్మ కొట్టిన రోజు దిద్దుదాం, ఈ రాత్రి పోయే అంబులెన్సుకు కావలసింది ఈ రాత్రి ఉన్న వెడల్పు. అలాగని కోతల కాలంలో బెర్ము మీద, సగం తారు మీద ఆరబోసిన వడ్లను పటంలోకి ఎక్కించమనను. అవి పది రోజుల్లో ఎత్తేస్తారు, తుమ్మ పదేళ్ళుంటుంది.

కొలిచేటప్పుడు కూడా ల్యాబు అలవాటు కొంచెం మానుకోవాలి. అక్కడ అయిదు రీడింగులు తీసి సగటు వేస్తాం. ఇక్కడ కల్వర్టుకూ కల్వర్టుకూ మధ్య మూడు నాలుగు చోట్ల కొలిచి, అందులో అతి తక్కువది రాస్తున్నాం. బస్సు ఇరుక్కునేది అక్కడే కదా. కల్వర్టు దగ్గర బెర్ము ఆగిపోతే గీతను అక్కడ తెంపి, ఆ ముక్కకు వేరే చీటీ కడతాం. కాలవగట్టు రోడ్లకు మాత్రం ఒక పక్క బెర్ము, ఒక పక్క నీళ్ళు కాబట్టి ఎడమ, కుడి రాసేముందు గీత ఎటు నడుస్తుందో ఇద్దరు చూడాలని నియమం పెట్టుకున్నాం.