ఏ కాటన్‌ని ఆదర్శంగా పెట్టుకుంటావు?

మేనకోడలికి,

ఆర్మీ ఇంజనీర్ల విభాగంలో చేరబోతూ సర్ ఆర్థర్ కాటన్‌ని ఆదర్శంగా పెట్టుకున్నానని రాశావు. సంతోషం. అయితే నువ్వు రాసిన కారణాలు నాకు మింగుడుపడలేదమ్మా. 1819లో పదహారేళ్ళకే మద్రాసు ఇంజనీర్లలో చేరడం, మొదటి బర్మా యుద్ధంలో పనిచేయడం, 1861లో సర్ బిరుదు, 1866లో కె.సి.ఎస్.ఐ., 1877లో జనరల్ హోదా, ఇదంతా సర్వీసు రికార్డు. అలాంటి రికార్డున్న దొరలు ఆ శతాబ్దంలో కోకొల్లలు. వాళ్ళలో ఎవరి విగ్రహమూ గుర్రమెక్కి కోనసీమ ఊళ్ళలో నిలబడలేదు. కాటన్ బతుకులో చూడవలసింది వేరే ఉంది. నదినీ, నేలనీ, రైతునీ కలిపి చూసుకుని దిగిన పని ఆయనకు నిలిచింది. అందులో ఒక్కటి వదిలేసినా దెబ్బతింది. పతకాల పట్టీలో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

ముందు నిలిచిన పని సంగతి. 1830లలో ఆయన తంజావూరు సీమలో కావేరి, కొళ్ళిడం మీద పనిచేశాడు. ఎంత తవ్వినా ఇసుకే తగిలే నదిలో అడ్డుకట్ట ఎలా నిలుస్తుందన్నది అప్పటి ఇంజనీర్ల బెంగ. చోళుల నాటి కల్లణై ఆనకట్ట ఆ ఇసుకలోనే శతాబ్దాలుగా నిలిచి ఉంది. రాళ్ళు దిగబడినకొద్దీ మళ్ళీ రాళ్ళు పోస్తూ పోతే చివరికి ఆ గుట్టే పునాది అవుతుందని కాటన్ అక్కడ గ్రహించాడు. ఇసుకలో పునాది వేసే విద్య ఈ దేశపు పాత పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని తర్వాత దాచుకోకుండా రాశాడు కూడా. గోదావరి మీద ధవళేశ్వరంలో చేసిందీ అదే. ఇసుకలో బావులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన రాయి గుట్టలుగా పోయించాడు. రాయి పక్కనున్న కొండదే. 1847లో మొదలైన ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. పనివాళ్ళను కూడగట్టి నడిపించిన వీణం వీరన్న లేకపోతే అంత త్వరగా అయ్యేది కాదు. విగ్రహాలు పెట్టేటప్పుడు మనవాళ్ళు ఆయన్ని తరచు మరిచిపోతారు, అది వేరే సంగతి.

అసలు ఆ పనికి అనుమతి ఎలా వచ్చిందో అది ఇంకా గట్టి పాఠం. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,000 పైచిలుకు, 1841 నాటికి 5,61,000. కరువులు, తుపానులు, వలసలు అంత పని చేశాయి. 1844 నాటి నివేదికల్లో ఈ క్షీణత కళ్ళకు కట్టింది. కాటన్ దయాధర్మాల మాట ఎత్తడంతో ఆగలేదు. నీరిస్తే శిస్తు ఎంత పెరుగుతుందో, ఖర్చు ఎన్నేళ్ళలో తిరిగి వస్తుందో పైవాళ్ళ ముందు పెట్టాడు. ‘ఈస్టిండియా కంపెనీ ఖజానా కోసం చేసినదానికి మనం మొక్కడమేమిటి’ అని నీ స్నేహితులు అంటే, ఆ మాటలో నిజం లేదని బుకాయించకు. కంపెనీ ఉద్దేశం శిస్తే. ఆ శిస్తు ఆశ చూపించే వాళ్ళచేత డబ్బు ఖర్చుపెట్టించాడు. యజమాని ఉద్దేశం వేరు, పని ఫలితం వేరు. రెంటినీ విడివిడిగా తూచడం నీకు రేపు ఉద్యోగంలోనూ అవసరపడుతుంది.

ఇక దెబ్బతిన్న పని. గోదావరి ఇచ్చిన ధీమాతో ఆయన తుంగభద్ర మీద పెద్ద పథకం ముందుకు తోశాడు. దాని కోసం ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ప్రభుత్వ పూచీతో 10 లక్షల పౌన్లు సమకూర్చుకుంది. ఆ సొమ్ము చాలక ప్రభుత్వం దగ్గర అప్పు చేసింది. ఇంత చేసీ అనుకున్న పథకంలో సుంకేశుల నుంచి కడపకు పోయే కాలువ ఒక్కటే తేలింది. తీరా నీళ్ళొస్తే రైతులు తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్నా పత్తీ వేసుకునేవాడికి మామూలు ఏడాదిలో నేల పట్టుకున్న తేమే చాలు. నీటి తీరువ కట్టి మడిసాగులోకి దిగడం అతని లెక్కలో నష్టం. డెల్టా రైతు వరికి నీళ్ళ కోసం ముఖం వాచి ఉన్నవాడు. కర్నూలు రైతు పరిస్థితి అది కాదు. కాటన్ అక్కడ నదిని చూశాడు గాని రైతును చూడలేదు. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసుకోవలసి వచ్చింది. మరి ధవళేశ్వరం కూడా కావేరి లెక్కను మోసుకొచ్చిందే కదా అని అడుగుతావు. మోసుకొచ్చింది నిజమే. కాని ఆ ఇసుకా, ఆ డెల్టా వాలూ, ఆ వరిపొలాలూ ఇక్కడా ఉన్నాయని చూసుకున్నాక తెచ్చింది.

1876–78 కరువులో ఆ కాలువ నీటికి రైతులు ఎగబడ్డారు కదా, ఇవాళ కె.సి. కెనాల్ అనే ఆ కాలువ కింద 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉంది కదా, చివరికి ఆయనే నెగ్గినట్టు కాదా అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. కరువు ఏడాది పోయాక గిరాకీ మళ్ళీ తగ్గింది. తర్వాతి తరాలు బాగుచేసుకుని వాడుకున్న కాలువ మొదటి అంచనా తప్పును మాఫీ చేయదు. రైళ్ళ కంటే పడవ కాలువలే మేలని పార్లమెంటు కమిటీ ముందు పట్టుబట్టినప్పుడూ ఆయనది ఈ ధీమానే. 1879లో కమిటీ ఆయన్ని కాదంది. ఇవన్నీ చెప్పినంత మాత్రాన గోదావరి జిల్లాల రుణం తీరిపోదు, తీరిందని నేను అనను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బిరుదును బట్టి మనిషి పనిని తూచలేం. 1861లో ఆయన సర్ బిరుదు అందుకునేనాటికే ఆ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడి ఉంది. బిరుదు ఇచ్చినవాళ్ళకు ముందు ఏముందో తెలియదు, పుచ్చుకున్నాయనకూ తెలియదు.

శిక్షణకు బయల్దేరేలోగా ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఎలాగూ చూస్తావు. కర్నూలు రైలెక్కి సుంకేశుల కూడా చూసి వెళ్ళు. అక్కడి రైతులను నీళ్ళ సంగతి అడిగి, వాళ్ళేమన్నారో నాకు రాయి.

మీ మావయ్య