కొండ నేర్పిన పని

గడ్డి కోసే చెయ్యి, మోపు మోసే నడుము, కొండెక్కే కాళ్లు. వీటికి కూడా ఒక ఉద్యోగం ఉంటుందా? ఉంటుంది. బచేంద్రి పాల్ సంగతి చదవండి.

ఆమెది హిమాలయాల్లో నకురి అనే పల్లె. ఉత్తరకాశీ దగ్గర. 1954లో పుట్టింది. తండ్రిది చిన్న వ్యాపారం. ఆ కొండపల్లెల్లో గడ్డి కావాలన్నా, కట్టెలు కావాలన్నా ఆడవాళ్లు కొండ ఎక్కాల్సిందే. పన్నెండేళ్లప్పుడు బడి పిల్లలతో కలిసి 13 వేల అడుగుల ఎత్తు దాకా ఎక్కింది.

బట్టలు కుట్టి డబ్బులు సంపాదించుకుంటూ చదివింది. ఎం.ఏ., బి.ఎడ్. అయింది. సరైన ఉద్యోగం మాత్రం దొరకలేదు. అప్పుడు ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో శిక్షణకు చేరింది. బి.ఎడ్. చదివిన పిల్ల పంతులమ్మ కాకుండా కొండలెక్కడమేమిటని బంధువులకు నచ్చలేదు. చివరికి ఆమె పంతులమ్మే అయింది. కాకపోతే బడి నాలుగు గోడల మధ్య లేదు. ఆడపిల్లలకు కొండెక్కడం నేర్పే శిక్షకురాలిగా పని దొరికింది.

ఆ పనిలో ఏం నేర్పుతారు? ముందు తాడుకు ముడి వెయ్యడం. ముడి జారితే మనిషి జారినట్టే. రాతి మీద కాలు ఎక్కడ పెట్టాలో నేర్పుతారు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. గబగబా ఎక్కితే తలనొప్పి, వాంతులు వస్తాయి. అందుకని కొంత ఎక్కి ఆగాలి. ఒంటికి అలవాటయ్యాక మళ్లీ ఎక్కాలి. మబ్బు పట్టే తీరు చూసి వెనక్కి తిరగడం కూడా నేర్పాలి. మబ్బు చూసి వాన చెప్పడం మన రైతు ఆడవాళ్లకు కొత్తా ఏమిటి!

1984లో ఆమె ఎవరెస్టు ఎక్కడానికి జట్టుతో వెళ్లింది. ఒక రాత్రి గుడారాల మీద మంచుపెళ్లలు విరిగిపడ్డాయి. తలకు దెబ్బ తగిలింది. జట్టులో చాలామంది దిగిపోయారు. ఆమె దిగలేదు. మే 23న శిఖరం చేరింది. ఎవరెస్టు ఎక్కిన మొదటి భారతీయ మహిళ ఆమే.

ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వారి సాహస శిక్షణ సంస్థను చాలా ఏళ్లు నడిపింది. అక్కడ నేర్చుకున్నవారిలో ప్రేమలతా అగ్రవాల్ ఒకరు. ఇద్దరు కూతుళ్ల తల్లి. 2011లో, 48 ఏళ్ల వయసులో, ఎవరెస్టు ఎక్కింది.

మన దగ్గరా భువనగిరి గుట్ట మీద ఇలాంటి శిక్షణ ఇస్తారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలిపని చేసుకునేవారి బిడ్డ మలావత్ పూర్ణ మొదట ఆ గుట్టే ఎక్కింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు.

చెప్పండి, రాయండి:
బచేంద్రికి మొదట ఏ పని చేతికి డబ్బు తెచ్చింది?
గబగబా కొండెక్కితే ఏమవుతుంది?
మీ ఊరి గుట్ట పేరు, దాని మీద దొరికే మూడు చెట్ల పేర్లు రాయండి. ఏ చెట్టు దేనికి పనికొస్తుందో పక్కింటి పిల్లలకు చూపించండి.