బియ్యపు గింజంత గుర్తు

నాచారంలో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. అత్త బర్రెను సాకుతుంది. పాలు అమ్ముతుంది. కోడలు ఉప్పల్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆ ఇంట్లో ఒక తెల్ల కుక్క ఉంది. దాని పేరు టామీ.

ఒకరోజు టామీ కనబడలేదు.

"గేటు తీసి పెట్టి పోయినవా?" అని ఇంటి అమ్మ అడిగింది.

"లేదమ్మా, గొళ్ళెం పెట్టే పోయిన" అంది కోడలు.

అయినా ఆమెకు భయం పట్టుకుంది. పని పోతే ఎట్లా?

మరునాడు సాయంత్రం కోడలు ఇంటికి నడిచి వస్తోంది. నాచారంలో జంతువుల దవాఖాన గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఆమె ఆగింది. కూడబలుక్కొని చదివింది.

"తెల్ల కుక్క దొరికింది. ఒంట్లో చిప్పు ఉంది. యజమాని ఫోను కలవడం లేదు."

కోడలు గబగబా లోపలికి పోయింది. ఆమెను చూసి టామీ తోక ఊపింది.

"చిప్పు అంటే ఏంది డాక్టరమ్మా?" అని అడిగింది కోడలు.

డాక్టరమ్మ చెప్పింది:

"చిప్పు బియ్యపు గింజంత ఉంటుంది. పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. పైన గాజు గొట్టం. లోపల సన్నని తీగ చుట్ట, నంబరు దాచుకున్న చిన్న ముక్క. దీన్ని లావు సూదితో మెడ వెనుక, భుజాల మధ్య, చర్మం కింద పెడతాం. మెడపట్టీ తెగిపోవచ్చు. చిప్పు మాత్రం లోపలే ఉంటుంది.

దీనికి బ్యాటరీ లేదు. ఎప్పుడూ నిద్రపోతున్నట్టే ఉంటుంది. చదివే యంత్రాన్ని దగ్గరగా పెడితే, అందులో నుంచి రేడియో తరంగాలు వస్తాయి. వాటితో తీగ చుట్టలో కొంచెం కరెంటు పుడుతుంది. అప్పుడు చిప్పు తన నంబరు పంపుతుంది. యంత్రం మీద 15 అంకెలు కనబడతాయి."

"మరి కుక్క ఎక్కడ తిరుగుతుందో చెబుతుందా?"

"చెప్పదు. యజమాని పేరు కూడా అందులో ఉండదు. ఉండేది నంబరు ఒక్కటే. పేరు, ఇల్లు, ఫోను వేరేచోట రాసి ఉంటాయి. ఆ రాత సరిగా లేకపోతే చిప్పు ఉండీ లాభం లేదు."

టామీకి జరిగింది అదే. ఆ ఇంటివాళ్ళు మునుపు నాచారంలో ఉండేవాళ్ళు. ఇల్లు మారారు. ఫోను నంబరు మారింది. కొత్తది రాయించలేదు. టామీ పాత ఇంటి ముందుకు వచ్చి కూర్చుంది. చుట్టుపక్కల వాళ్ళు దవాఖానకు తెచ్చారు.

కోడలు కబురు చేసింది. ఇంటి అమ్మ చిప్పు కార్డు తీసుకొని వచ్చింది. కోడలు యంత్రం మీది అంకెలు ఒక్కొక్కటే చదివింది. ఇంటి అమ్మ కార్డులో చూసుకుంది. 15 అంకెలూ కలిశాయి. అక్కడే కొత్త ఫోను నంబరు రాయించింది. గేటు మాట మళ్ళీ ఎత్తలేదు.

కోడలు ఇంటికి వచ్చింది. బర్రె చెవికి ఉన్న పసుపు బిళ్ళను చూసింది. అంకెలు లెక్కపెట్టింది. 12 ఉన్నాయి.

2019లో దేశమంతటా గాలికుంటు టీకాల కార్యక్రమం మొదలైంది. టీకా వేసే పశువులకు ఇలాంటి బిళ్ళ వేస్తారు. ఆ నంబరు కింద యజమాని పేరు, టీకాల వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తారు. బిళ్ళ కూడా చిప్పు లాంటి గుర్తే. కాకపోతే దీన్ని కంటితోనే చదవవచ్చు.

"అత్తా, ఈ నంబరు కింద ఎవరి ఫోను రాయించినవు?"

"మీ మామదే. ఆ ఫోను పోయి ఏడాదాయె."

"అయితే రేపే పశువుల దవాఖానకు పోదాం. నేను రాయిస్త" అంది కోడలు.

ఆలోచించండి, చెప్పండి

1. చిప్పుకు బ్యాటరీ లేదు. మరి నంబరు ఎలా పంపుతుంది?
2. చిప్పు ఉన్నా టామీ యజమాని ఎందుకు దొరకలేదు?
3. మీ రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం తీయండి. వాటికి ఏ ఫోను నంబరు ఇచ్చారు? అది ఇప్పుడు పని చేస్తోందా?