పంటను కొలిచే చదువు: డ్రోన్ సర్టిఫికెట్‌తో వచ్చేది కాదు

ఖమ్మం మైదానం దాటి అశ్వారావుపేట, దమ్మపేట మీదుగా భద్రాచలం అడవుల దాకా ఉన్న గ్రామాల్లో, వ్యవసాయం చదివిన బిడ్డ తిరిగి చేనుకే వస్తాడని, కంప్యూటర్ సైన్స్ చదివినవాడే ఊరు దాటుతాడని తల్లిదండ్రులు గట్టిగా నమ్ముతున్నారు. చేను ఒక చదువు, కంప్యూటర్ మరొక చదువు అనుకోవడం వల్ల పుట్టిన ఈ నమ్మకం ఎంత పాతబడిపోయిందో తెలుసుకోవడానికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రం చాలు.

అక్కడి ‘లీజీస్కాన్’ అనే ఏర్పాటును విన్సెంట్ వాడెజ్ బృందం 2015లో ఒక పరిశోధన పత్రంలో వివరించింది. వరుసలుగా పెంచిన మొక్కల మీదుగా కదిలే స్కానర్ ఒక లేజరు గీతను కిందికి ప్రసరింపజేస్తుంది. ఆకుల ఎత్తుపల్లాలను బట్టి ఆ గీత వంకరలు పోతుంది. పక్క కోణం నుంచి చూసే కెమెరా ఆ వంకరలను పట్టుకోగా, వాటినుంచి ప్రతి బిందువు స్థానాన్నీ లెక్కగట్టి ‘పాయింట్ క్లౌడ్’ను, అంటే మొక్క ఆకారాన్ని చూపే లక్షలాది చుక్కల సమూహాన్ని తయారుచేస్తారు. మొక్కల కింద అమర్చిన తూకపు యంత్రాలు అవి ఆకుల ద్వారా ఎంత నీరు వదులుతున్నాయో నమోదు చేస్తాయి. పూర్వం ఆకు విస్తీర్ణం తెలియాలంటే ఆకులు కోయవలసి వచ్చేది కాబట్టి ఒకే మొక్కను రోజురోజుకూ కొలవడం సాధ్యమయ్యేది కాదు. మధ్యాహ్నపు పొడి గాలిలో నీటిని పొదుపు చేసుకుని గింజ పాలుపోసుకునే దశకు మిగుల్చుకునే వంగడాన్ని గుర్తించాలంటే ఆ రోజువారీ కొలతే ఆధారం. మొక్కకు కనిపించే లక్షణాలను ఇలా కొలిచి నమోదు చేయడాన్ని ఫినోటైపింగ్ అంటారు.

లేజరు ఆకారాన్ని చెబుతుంది, రంగు చెప్పదు. కెమెరా రంగును, తగిన సెన్సర్ ఉంటే కంటికి కనబడని పరారుణ కాంతిని కూడా పట్టుకుంటుంది గాని ఒక్క ఫొటోలో లోతు తేలదు. అందుకే ఒక్కో చుక్కకు దాని రంగును జతచేసి రెండింటినీ కలుపుతారు. ఖమ్మం రైతుకు ఈ కలయిక విలువ మిరప తోటలో అర్థమవుతుంది. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మిరప పండించే ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. 2021–22లో నల్ల తామరపురుగు ఈ జిల్లా తోటలను ఎలా దెబ్బతీసిందో ఎవరికీ మరపురాలేదు. ముడత ఆకారానికి సంబంధించినది, పసుపు తిరగడం రంగుకు సంబంధించినది. అయితే ముడత ఎటువైపు ఉందో చెప్పగల యంత్రం దానికి కారణం పురుగో, వైరసో, నీటి ఎద్దడో తనంతట తాను చెప్పలేదు. గాలికి ఆకు కదిలితే, గుబురు దట్టమై కింది ఆకులు మరుగున పడితే కొలతే తప్పుతుంది. ఆ తప్పును పసిగట్టగలిగేది పంట తెలిసిన మనిషే.

ఈ సంగతి చెప్పకుండా పిల్లలను డ్రోన్ శిక్షణకు, అమీర్‌పేట తరహా ‘ఏఐ ఇన్ అగ్రికల్చర్’ కోర్సులకు తోలుకుపోతున్న ప్రచారం పట్ల కఠినంగానే ఉండాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందితే చాలు. అంత సులువుగా అందరికీ దొరికేది ఎవరినీ ప్రత్యేకంగా నిలబెట్టదు. మందు పిచికారీ చేసే ఉపాధికి అది పనికివస్తుంది, అందులో తక్కువేమీ లేదు, కాని దాన్ని పరిశోధన ఉద్యోగానికి దారిగా చూపి అప్పు చేయించి ఫీజు కట్టించుకోవడం మోసం. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో రెండో ఏడు, మూడో ఏడు కూడా హాస్టల్ గదిలో గడిపించి, చివరికి ‘పోనీ అగ్రికల్చరైనా’ అని ఓడినవాడికి ఇచ్చే ఓదార్పులా ఈ చదువును అంటగట్టడం అంతకన్నా అన్యాయం. ఇష్టంగా వచ్చినవాడు మొదటి ఏడాదే రావాలి.

ఇంటర్ బైపీసీ వారు ఈఏపీసెట్ ద్వారా బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌లోను, ఎంపీసీ వారు బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లోను చేరవచ్చు. ఈ ప్రాంతపు విద్యార్థికి అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల అందుబాటులో ఉండగా, ఎకరమో రెండెకరాలో అమ్మి పొరుగు రాష్ట్రపు ప్రైవేటు కళాశాలలో సీటు కొనడం వివేకం కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు లేని డిగ్రీ పీజీ ప్రవేశాల్లోను, ఉద్యోగ నోటిఫికేషన్లలోను అడ్డుపడవచ్చు. డిగ్రీలో సస్యశరీరధర్మశాస్త్రాన్ని, గణాంకశాస్త్రాన్ని పట్టు వచ్చేదాకా చదివి, పైథాన్ ప్రోగ్రామింగ్‌ను పక్కన నేర్చుకున్న విద్యార్థి, కోడింగ్ మాత్రమే తెలిసి మొక్క తెలియని వాడికంటే ఈ రంగంలో మెరుగ్గా నిలుస్తాడు.

అలాగని ఇది ఉద్యోగాలు కుప్పపోసిన రంగం కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఇలాంటి ఫినోటైపింగ్ కోసం 2017లో ప్రారంభమైన నానాజీ దేశ్‌ముఖ్ ఫినామిక్స్ కేంద్రం వంటివి దేశంలో కొద్దే. తొలి కొలువులు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటాయి. స్థిరపడాలంటే పీజీ, ఆపైన పీహెచ్‌డీ తప్పదు. ఇంటికి వెంటనే జీతం కావలసిన కుటుంబంలోని పిల్లలకు డిగ్రీతోనే వ్యవసాయ అధికారి పోస్టులకు సిద్ధపడడం మేలు, పరిశోధన తరువాతైనా రావచ్చు.

అభిరుచి ఉందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఏ ఫీజూ అక్కర్లేదు. ఒక మిరప మొక్క చుట్టూ ఫోన్‌తో తీసిన ఫొటోల నుంచి త్రిమితీయ రూపాన్ని కట్టే సాఫ్ట్‌వేర్, ఆ చుక్కలను పరిశీలించే ‘క్లౌడ్‌కంపేర్’ రెండూ ఉచితంగా దొరుకుతాయి. వేసవి సెలవుల్లో పది మొక్కల ఎత్తును స్కేలుతోను, తెరమీద కూడా కొలిచి, రెండు లెక్కలకూ తేడా ఎక్కడ, ఎందుకు వచ్చిందో విసుగు లేకుండా వెతికే పిల్లవాడిని ఈ దారిన నిశ్చింతగా పంపవచ్చు.