నాటకాల కవచాలు: కాగితం, ఫైబర్, మన ఆరోగ్యం

క్రిస్మస్, ఈస్టర్ నాటకాలలో రోమా సైనికుల వేషాలు మనందరికీ తెలిసినవే. అట్టముక్కకు వెండి కాగితం అంటించి తాడుతో కట్టుకుంటే ఛాతీ కవచం అయిపోయేది. ఇప్పటి యౌవనస్థులు అంతటితో తృప్తిపడడం లేదు. కంప్యూటర్‌లో నుంచి కాగితం నమూనాలు తీసి, మడిచి అతికించి, దానిపై ఫైబర్‌గ్లాస్ వేసి, నిజమైన ఇనుప కవచంలా తయారుచేస్తున్నారు. పని చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఇందులో వాడే ద్రవాలు కంటికి, ఊపిరితిత్తులకు ఎంత హాని చేయగలవో చాలా ఇళ్ళలో తెలియదు. అందుకే ఈసారి పాఠంగా దీనిని తీసుకున్నాము.

ఈ పద్ధతికి పెపకురా అని పేరు. పేపర్ క్రాఫ్ట్ అన్న మాటను జపాన్‌వారు తమ పలుకుబడిలో కుదించి అలా అంటారు. జపాన్‌లోని తమా సాఫ్ట్‌వేర్ అనే సంస్థ పెపకురా డిజైనర్ అనే ప్రోగ్రామ్‌ను తయారుచేసింది. కంప్యూటర్‌లో ఉన్న ఒక బొమ్మను అది విప్పి, కత్తిరించి అతికించుకోవడానికి వీలైన ముక్కలుగా పరుస్తుంది. హేలో అనే వీడియో గేమ్‌లోని సైనికుడి శిరస్త్రాణాన్ని విదేశాలలో ఎంతోమంది ఇలాగే చేసుకున్నారు.

మొదటి దశలో ప్రమాదం తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. పెళ్ళి శుభలేఖ అంత మందమున్న కాగితంపై ముక్కలను ప్రింటు తీస్తారు. పైకి మడవవలసిన గీత ఒక రకంగా, లోపలికి మడవవలసిన గీత మరొక రకంగా ఉంటాయి. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత వెంబడి నొక్కి గీస్తే మడత చక్కగా వస్తుంది. అంచుల మీద ఉన్న అంకెలను జతచేసుకుంటూ అతికించాలి. తల చుట్టుకొలత టేపుతో కొలిచి, లోపల వేయబోయే ఫైబర్‌కు, మెత్తటి ఫోమ్‌కు చోటు వదలాలి. రెసిన్ పూయకముందే ఒకసారి పెట్టుకుని చూడండి, గట్టిపడిన తరువాత అది సాగదు. ఫెవిక్విక్ వంటి జిగురుతో వేళ్ళు అతుక్కుంటే పీకవద్దు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కంటి రెప్పలు అతుక్కుంటే మాత్రం ఇంట్లో ఏమీ చేయకుండా ఆసుపత్రికి రండి.

రెండవ దశ రెసిన్. కాగితం పైన పలుచగా పాలిస్టర్ రెసిన్ పూసి ఆరనిచ్చి, తరువాత లోపలివైపు గాజు నారతో చేసిన మ్యాట్ ముక్కలు పరిచి, మళ్ళీ రెసిన్‌తో తడుపుతారు. మన తీరంలో ఫైబర్ పడవలు తయారుచేసేది కూడా ఈ రకం సామానుతోనే. కొందరు థర్మోకోల్ కిరీటం మీద కూడా రెసిన్ పూయబోతారు. అది కరిగిపోతుంది. కారణం రెసిన్‌లో ఉన్న స్టైరీన్ అనే ద్రవం. ఘాటైన ఆ వాసన దానిదే. కళ్ళు మండడం, గొంతు గరగర, తలనొప్పి, తల తిరగడం, మత్తుగా ఉండడం దాని ఆవిరి వలన కలుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2018లో స్టైరీన్‌ను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఒక కవచం చేసినంత మాత్రాన భయపడనక్కరలేదు. కానీ తలుపులు మూసిన గదిలో వారాల తరబడి చేయడం మంచిది కాదు.

కరోనా కాలం నుండి ప్రతి ఇంట్లో మాస్కులు ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గుడ్డ మాస్కు గాని, మేము వార్డులో వాడే సర్జికల్ మాస్కు గాని, ఎన్-95 గాని స్టైరీన్ ఆవిరిని ఆపవు. ఎన్-95 దుమ్మును ఆపుతుంది, అంతే. ఆవిరికి బొగ్గు క్యాట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ కావాలి. అది ఉన్నా సరే, పని ఆరుబయట, గాలి వీచే చోట చేయాలి. ఈ ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారున చేరుతుంది. కనుక పక్కనే చాపమీద పసిబిడ్డను పడుకోబెట్టవద్దు. గర్భవతులు, ఉబ్బసం ఉన్నవారు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఆవిరి మండుతుంది కూడా. మన ఎండాకాలపు వేడిమికే రెసిన్ నుండి అంటుకోగలిగినంత ఆవిరి లేస్తుంది. పొయ్యి, కొవ్వొత్తి, సిగరెట్ ఏవీ దగ్గర ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది హార్డెనర్ సీసా. చూడడానికి మంచినీళ్ళలా ఉంటుంది. పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్, దుకాణంలో ఎం.ఇ.కె.పి. అని గాని క్యాటలిస్ట్ అని గాని అంటారు. 100 గ్రాముల రెసిన్‌కు 1 నుండి 2 గ్రాములు చాలు, డబ్బాపై రాసిన కొలతను పాటించండి. కొలవడానికి గుర్తులున్న ప్లాస్టిక్ కప్పు గాని డ్రాపర్ గాని కొనుక్కోండి. వార్డులో వాడిన సిరంజీలు అడగవద్దు, ఎవరు అడిగినా మేము ఇవ్వము.

ఈ ద్రవం చుక్క కంట్లో పడితే నల్లగుడ్డును కాల్చివేస్తుంది, చూపు శాశ్వతంగా పోవచ్చు. మామూలు కళ్ళద్దాలు చాలవు. నాలుగువైపులా మూసి ఉండే రక్షణ కళ్ళద్దాలు పెట్టుకున్నాకే సీసా మూత తీయాలి. పొరపాటున పడితే ఒక్క నిమిషం కూడా ఆలోచించవద్దు. ఆటో పిలవడం తరువాత, ముందు కుళాయి. రెప్పలను వేళ్ళతో తెరిచిపట్టి, దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేటట్లు తల వంచి, ధారగా 20 నిమిషాలైనా కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసివేయాలి. నొప్పి తగ్గినా ఆసుపత్రికి రావాలి, దారిలో కూడా నీళ్ళు పోస్తూనే ఉండాలి. కొందరు తల్లిపాలు పిండుతారు, కొందరు ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేస్తారు. ఆ వెతుకులాటలోనే కన్ను పోతుంది. నీళ్ళు చాలు, వెంటనే కావాలి.

ఇంకొక ప్రమాదం మన దుకాణాలలో అమ్మే తీరు వలన వస్తున్నది. చాలాచోట్ల మూడు సీసాలు ఇస్తారు: రెసిన్, హార్డెనర్, వంకాయరంగులో ఉండే కోబాల్ట్. ఈ కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. పేలుతుంది, మంటలు లేస్తాయి. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పోసి బాగా కలిపివేయాలి. అది పూర్తిగా కలిసిన తరువాతనే, వేరే పుల్లతో, హార్డెనర్ కలపాలి. రెండిటికీ ఒకే మూత, ఒకే చెంచా వాడవద్దు. హార్డెనర్ ఒలికితే రంపపు పొట్టు, పాతగుడ్డలు వేయక తడి ఇసుకతో ఎత్తండి. దానిని కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచడం మహా పాపం. దాహంతో వచ్చిన పిల్లవాడికి తేడా తెలియదు. మింగితే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు పట్టవద్దు. నోరు కడిగి, లేబుల్ ఉన్న సీసాతో సహా వెంటనే తీసుకురండి. ఏమి మింగాడో డాక్టరుగారికి ఆ లేబులే చెబుతుంది.

కలిపిన రెసిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. కప్పు నిండా కలిపితే పొగలు వచ్చి చేయి కాలుతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. మిగిలినది చల్లారేవరకు బయట ఇసుక మీద ఉంచి, తరువాత పారవేయండి. కొలత కుదరాలని చెప్పి తడి ఫైబర్‌ను ఒంటిమీద పెట్టుకుని ఆరబెట్టడం ఎట్టి పరిస్థితులలోనూ చేయకూడదు. చేతులకు నైట్రైల్ తొడుగులు వాడి తరచుగా మార్చండి. పలుచని రబ్బరు తొడుగులలో నుండి స్టైరీన్ త్వరగా దిగుతుంది. చర్మానికి అంటితే థిన్నర్‌తో కాక సబ్బుతో కడగాలి.

చివరి దశలో కార్ల సొట్టలు పూడ్చే పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తారు. రుద్దేటప్పుడు లేచే దుమ్ములో సన్నని గాజు నార ఉంటుంది. ఎన్-95 పనికివచ్చేది ఇక్కడే. పొడిగా కాక తడిపి రుద్దితే దుమ్ము లేవదు. ఈ నార ఆస్బెస్టాస్ వంటిది కాదు గాని, చర్మంలో గుచ్చుకుని విపరీతమైన దురద పెడుతుంది. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపును మెల్లగా అద్ది తీసి, ధారగా నీళ్ళు పోసి సబ్బుతో కడగాలి. ఆ బట్టలను ఇంట్లోవారి బట్టలతో కలిపి ఉతకవద్దు. ముఖ్యంగా చంటిపిల్లల గుడ్డలతో.

ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం నేర్పడానికి సండేస్కూలు పిల్లలతో కవచాలు చేయించే ఉపాధ్యాయులు అట్ట, మైదాపిండి జిగురు, పాత వార్తాపత్రికలు వాడితే చాలు. రెసిన్ పని పెద్దలది, పదిహేనేళ్ళ అబ్బాయి ఎంత తెలివైనవాడైనా దానికి ఒంటరిగా పూనుకోకూడదు.

తయారైన కవచం వాసన పూర్తిగా పోయేవరకు, కనీసం కొన్ని రోజులు, గాలిలో ఉంచండి. లోపలి అంచులను నునుపు చేసి ఫోమ్ అంటించండి, లేకపోతే మెడ, చంకలు కోసుకుపోతాయి. ఫైబర్ గాలి చొరనివ్వదు, చెమట ఆరనివ్వదు. స్టేజి లైట్ల కింద, లేదా ఏప్రిల్ ఎండలో ఊరేగింపులో, అరగంటకే ఒళ్ళు కాగిపోతుంది. వేషం వేసినవారి దగ్గర నీళ్ళు పట్టుకుని ఒకరు ఉండాలి, సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య శిరస్త్రాణం తీసివేయాలి. కట్లు చప్పున విడిపోయేటట్లు వెల్క్రోతో పెట్టండి. తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం మొదలైతే వెంటనే కవచం విప్పి, నీడలో పడుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచి, తెలివి బాగా ఉంటేనే నీళ్ళు ఇవ్వాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. తడి గుడ్డలు కప్పి విసురుతూ, ఆలస్యం చేయకుండా క్యాజువాలిటీకి తీసుకురండి. రాత్రి వేళ కూడా తెరిచే ఉంటుంది.