ఫీజు సున్నా చేస్తే ఏమవుతుంది?

పోయిన సెలవుల్లో ఇంట్లో బీరువా సర్దుతుంటే నాన్న దాచిన పాత ఫైల్ ఒకటి దొరికింది. అందులో నా స్కూల్ ఫీజు రసీదులన్నీ ఉన్నాయి, ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా. మొదటి రసీదులో ఏడాదికి 9,500 రూపాయలు. చివరి దాంట్లో 27,000. (పదో తరగతి పాఠాలు ఎక్కువ శాతం ఫోన్‌లోనే విన్నాం. ఫీజు మాత్రం కౌంటర్ దగ్గరకెళ్లే కట్టాం.) బస్సు, పుస్తకాలు, యూనిఫాం, యాన్యువల్ డే డబ్బులు ఇందులో లేవు.

సీఎస్‌ఈ వాణ్ణి కదా, లెక్క వేయకుండా ఉండలేకపోయా. 11 సార్లు పెరిగి దాదాపు 2.8 రెట్లు అయింది. అంటే సగటున ఏడాదికి 10 శాతం. మనలో చాలామందికి ఈ లెక్క ఇంటర్‌లో వచ్చిందే, కానీ ఇంటి ఫీజుకి ఎప్పుడూ వేసి చూసుకోం. 10 శాతం వినడానికి చిన్నదే. ఏటా పెరిగిన దాని మీదే మళ్లీ 10 శాతం వేసుకుంటూ పోతే ఏడేళ్లు దాటగానే ఫీజు రెట్టింపు అవుతుంది. ఇంటి ఆదాయం ఏటా 5 శాతం పెరుగుతోందనుకోండి, అదే 11 ఏళ్లలో అది 1.7 రెట్లే అవుతుంది. ఎల్‌కేజీలో ఆదాయంలో 12 శాతం ఫీజుకి పోతే, పదో తరగతికి వచ్చేసరికి 20 శాతం పోతుందన్నమాట. పిల్లాడు అదే, స్కూలు అదే. మధ్యలో ఎవరికీ జబ్బు చేయలేదు, ఉద్యోగం పోలేదు. అయినా ఇంతే.

ఇది ఒక్క పిల్లాడి లెక్క. ఇద్దరుంటే ఏం చేస్తారు?

మా ఇంట్లో ఏం చేశారో చెప్తా. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. నేను ఎల్‌కేజీలో చేరే నాటికి అక్క మా ఊరి మండల పరిషత్ స్కూల్లో నాలుగో తరగతి. ఇద్దర్నీ ఇంగ్లిష్ మీడియంలో వేయడం కుదరదని ఇంట్లో తేల్చారు. ఎవర్ని వేయాలన్న దాని మీద పెద్ద చర్చ జరిగినట్టు నాకైతే గుర్తు లేదు. జరగలేదనే అనుకుంటున్నా. ఫీజు అనేది డబ్బున్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య గోడ అని మనం అనుకుంటాం. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల మధ్య కూడా అది గీత గీస్తుంది. ఆ గీతకి అవతల మిగిలేది చాలా ఇళ్లలో ఆడపిల్లే.

మరి ఫీజు అసలు లేకుండా చేస్తే ఏమవుతుంది? చేసి చూసిన దేశాలున్నాయి. 1994లో మలావి ప్రాథమిక స్కూళ్లలో ఫీజు తీసేస్తే 19 లక్షల చిల్లరగా ఉన్న పిల్లలు దాదాపు 30 లక్షలయ్యారు. 1997లో ఉగాండా తీసేసింది, అక్కడ ఒక్క ఏడాదిలో సుమారు 31 లక్షల నుంచి 53 లక్షలకు చేరారు. నేను కాస్త ఎక్కువగా చదివింది కెన్యా గురించి. ఎందుకంటే అక్కడ ఫీజు పోయింది, తిరిగొచ్చింది, మళ్లీ పోయింది.

కెన్యాకి 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. 1974లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా ఫీజు రద్దు చేశారు. పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. గదులు చాల్లేదు. అప్పుడు స్కూళ్లు ‘భవన నిధి’ అని వసూలు మొదలుపెట్టాయి. చాలాచోట్ల అది రద్దయిన ఫీజు కంటే ఎక్కువైంది, వచ్చిన పిల్లల్లో చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. (మన దగ్గర ‘డెవలప్‌మెంట్ ఫీ’ అని ఒకటుంటుంది చూడండి, దాని చుట్టమే ఇది.) తర్వాత 1980లలో దేశం అప్పుల్లో పడింది. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ అప్పులిస్తూ ఖర్చు తగ్గించుకోమన్నాయి. 1988లో ‘కాస్ట్ షేరింగ్’ వచ్చింది. టీచర్ జీతం ప్రభుత్వానిది, మిగతా ఖర్చు తల్లిదండ్రులది. ఆ తర్వాతి ఏళ్లలో బడి మానేసే పిల్లలు ఎక్కువయ్యారు.

2002 డిసెంబర్ ఎన్నికల్లో మ్వాయ్ కిబాకీ ఉచిత ప్రాథమిక విద్య హామీ ఇచ్చి గెలిచారు. 2003 జనవరిలో, అంటే గెలిచిన కొద్ది రోజులకే, ఎనిమిదో తరగతి దాకా ఫీజు తీసేశారు. అంతకు ముందు ఏడాది 59 లక్షలున్న పిల్లలు 72 లక్షల దాకా వెళ్లారు. వయసు పరిమితి కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2004 జనవరిలో ఎల్డోరెట్ పట్టణంలో 84 ఏళ్ల కిమాని మరుగే యూనిఫాం వేసుకుని, నిక్కరు తొడుక్కుని ఒకటో తరగతిలో చేరాడు. బ్రిటిష్ వాళ్ల మీద జరిగిన మౌ మౌ పోరాటంలో పాల్గొన్న మనిషి ఆయన. ప్రాథమిక పాఠశాలలో చేరిన అందరికంటే పెద్ద వయసు వ్యక్తిగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కాడు. ఆయన కథ మీద ‘ద ఫస్ట్ గ్రేడర్’ అనే సినిమా కూడా వచ్చింది.

ఒక్క ఏడాదిలో పెరిగిన ఆ 13 లక్షల మందిని చూడండి. ‘పేదోళ్లకి చదువు మీద శ్రద్ధ ఉండదు, పిల్లల్ని పనికి పంపుతారు’ అని మనం తరచూ వినే మాట. ఆ శ్రద్ధ డిసెంబర్‌లో లేకుండా ఉండి జనవరిలో పుట్టుకురాదు కదా. మారింది ఫీజు ఒక్కటే.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథే. కానీ ఒకేసారి ఇంతమంది లాగిన్ అయితే సర్వర్ ఏమవుతుందో మన రిజల్ట్స్ రోజు మనకి తెలుసు. ప్రభుత్వం పిల్లాడికి ఏడాదికి 1,020 షిల్లింగులు స్కూళ్లకి ఇచ్చింది, ఆనాటి లెక్కలో మన 600 రూపాయలు. పుస్తకాలు, సుద్దముక్కలు, మరమ్మతులు, అన్నీ అందులోనే. టీచర్ల కొత్త నియామకాలు చూస్తే 1998 నుంచే ఆగిపోయి ఉన్నాయి, ఎవరైనా రిటైర్ అయితే ఆ ఖాళీ నింపడం వరకే. నైరోబీ పేదల వాడల్లో కొన్ని క్లాసుల్లో 100 మంది దాటారు. దాంతో కొంతమంది తల్లిదండ్రులు మళ్లీ డబ్బులు పెట్టి రేకుల షెడ్లలో నడిచే చిన్న ప్రైవేటు స్కూళ్లకే పిల్లల్ని పంపారు.

ఈ చిన్న ప్రైవేటు స్కూళ్ల గురించి ప్రపంచమంతా మాట్లాడుకోవడానికి ఒక కారణం మన హైదరాబాదే. జేమ్స్ టూలీ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ 2000లో పాతబస్తీ గల్లీల్లో తిరుగుతూ ఇలాంటి స్కూళ్లు చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆఫ్రికా వెళ్లి నైరోబీలోని కిబేరాలో కూడా వాటి మీద అధ్యయనం చేశాడు. పేదలు కూడా డబ్బిచ్చి మంచి బడి ఎంచుకుంటున్నారు, ప్రభుత్వం అడ్డుపడకుండా ఉంటే చాలు అన్న ధోరణి ఆయనది. ఆయన చూసింది నిజమే, ఒప్పుకుంటా. మా నాన్న చేసింది కూడా అదే కదా. కానీ టూలీ మా ఇంటికి వచ్చి ఉంటే నన్ను లెక్కపెట్టుకుని వెళ్లేవాడు, నా టై, నా షూస్ చూసి. తల్లిదండ్రులు ‘ఎంచుకున్నారు’ అన్నప్పుడు ఎవర్ని ఎంచుకున్నారు, ఎవర్ని వదిలేశారు అని కూడా అడగాలి.

కెన్యాలో ఉచిత విద్య ఇంకా నడుస్తోంది, లోపాలతోనే. పరీక్ష ఫీజు, ట్యూషన్ ఫీజు అంటూ వసూళ్లు అప్పుడప్పుడూ తలుపు తడుతూనే ఉన్నాయి. 1974లో జరిగినట్టు పిల్లలు వెనక్కి పోకుండా ఉండాలంటే ఫీజు తీసేసిన రోజే గదులకి, టీచర్లకి డబ్బు పక్కన పెట్టాలి. జీవో ఒక్కటీ సరిపోదు.

ఫైల్ మూసే ముందు నాన్నని అడిగా, అక్క రసీదులు ఏవని. ‘దానికి రసీదులేంట్రా, పదో తరగతి పరీక్ష ఫీజు 125 కట్టాం, అంతే’ అన్నారు. ఆ 125 రూపాయల అక్కే ఈ వ్యాసం చదివి అచ్చుతప్పులు దిద్దింది. ఇంగ్లిష్ మీడియం వాడి ఒత్తులు కదా, బాగానే పని పడింది. అక్క ఇప్పుడు బీఈడీ చేస్తోంది, డీఎస్సీకి కూడా చదువుతోంది. 1998 నుంచి నియామకాలు ఆగిపోయాయన్న వాక్యం దగ్గర ఆగి, ‘అక్కడ కూడానా?’ అంది.