నోవా స్కోషియా నల్లజాతీయులు: పరీక్షకు ముఖ్యాంశాలు

నోవా స్కోషియా: కెనడా అట్లాంటిక్ తీర ప్రావిన్స్. రాజధాని హాలిఫాక్స్.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ పక్షం వహించిన సుమారు 3,000 మంది నల్లజాతీయులు 1783లో ఇక్కడికి చేరారు. ప్రధాన స్థావరం బర్చ్‌టౌన్. హామీ ఇచ్చిన భూములు చాలామందికి దక్కలేదు. 1792లో దాదాపు 1,200 మంది సియెర్రా లియోన్‌కు వెళ్లి ఫ్రీటౌన్ స్థాపించారు.

విలియం హాల్: విక్టోరియా క్రాస్ పొందిన తొలి నల్లజాతీయుడు. సందర్భం 1857 లక్నో పోరు. భారత్‌తో సంబంధముంది కనుక తప్పక చదవాలి.

వయోలా డెస్మండ్: 1946లో న్యూ గ్లాస్గో సినిమా హాలులో తెల్లవారి సీటు వదలనందుకు అరెస్టు. మోపిన నేరం 1 సెంటు వినోదపు పన్ను ఎగవేత! అమెరికాలో బస్సు సీటు వదలని రోసా పార్క్స్ ఘటనకు (1955) 9 ఏళ్ల ముందు. మరణం 1965, క్షమాభిక్ష 2010. ఇంత ఆలస్యం అన్యాయమే. 2018 నుంచి 10 డాలర్ల నోటుపై ఆమె చిత్రం.

ఆఫ్రిక్‌విల్: 1960లలో హాలిఫాక్స్ నగరం కూల్చిన నల్లజాతి బస్తీ. నగర క్షమాపణ కూడా 2010లోనే. రెండింటినీ జతపరచమని అడగవచ్చు.